ఓజోన్ చరిత్రలో మన ఆకాశం

ఓజోన్ పొరకు చిల్లు పడిందనగానే అందరికీ అంటార్కిటికా గుర్తొస్తుంది. ఆ చిల్లుకు కారణమైన వాయువులు పైకెక్కే దారి మాత్రం మన నెత్తి మీదుగానే ఉంది. ఉష్ణమండలంలో ఉరుముల మేఘాలతో ఎగసిన గాలి పదిహేడు కిలోమీటర్ల ఎత్తు దాటి, ఆపైన నెమ్మదిగా ఓజోన్ పొర ఉండే స్ట్రాటోస్ఫియర్‌లోకి చేరి, ధ్రువాల వైపు సాగుతుంది. ఏ దేశంలో వదిలిన వాయువుకైనా ప్రధాన ద్వారం ఇదే. తిరుపతి–చిత్తూరు దారిలో, కొండల నడుమ గాదంకిలో 1990ల తొలినాళ్లలో నెలకొల్పిన ఎం.ఎస్.టి. రాడార్ ఈ ఎత్తుల్లో గాలి కదలికలనే కనిపెడుతోంది.

1928లో అమెరికాలో థామస్ మిడ్‌గ్లీ బృందం క్లోరోఫ్లోరోకార్బన్లను ఫ్రిజ్‌లకు పనికొచ్చేలా తీర్చింది. మండవు, విషం కావు, ఓ పట్టాన చెడవు. ఆ చెడకపోవడమే ముప్పయింది. కింద విరిగిపోవు కాబట్టి పైదాకా వెళ్తాయి. అక్కడ అతినీలలోహిత కిరణాలు తగిలి క్లోరిన్ విడిపోతుంది. ఒక్క క్లోరిన్ పరమాణువు సుమారు లక్ష ఓజోన్ అణువులను మింగగలదు. 1974లో శాస్త్రజ్ఞులు మొలీనా, రోలాండ్ ఈ సంగతి చెప్పారు. 1985లో బ్రిటిష్ శాస్త్రజ్ఞులు అంటార్కిటికా మీద ఓజోన్ తరుగుదలను లోకానికి చూపారు.

1987లో హైదరాబాద్ నుంచి ఎగిరిన బెలూన్ పై గాలిని సీసాల్లో పట్టి దింపింది. తెలుగు నేల మీది ఆకాశంలో ఆ రసాయనాలు ఏ ఎత్తున ఎంతున్నాయో అలా తెలిసింది. అదే ఏడాది సెప్టెంబరు 16న ఈ రసాయనాలను కట్టడి చేసే మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. 1992లో భారత్ అందులో చేరింది. 2008 ఆగస్టుకల్లా, ఇన్‌హేలర్ల అవసరం మినహా, క్లోరోఫ్లోరోకార్బన్ల తయారీ మానేసింది.

ఇప్పుడు శ్రీసిటీ పారిశ్రామికవాడలో డైకిన్, బ్లూస్టార్ ఏసీలు తయారవుతున్నాయి. ఈనాటి చాలా ఏసీల్లో వాడే ఆర్-32 వాయువులో క్లోరిన్ లేదు, ఓజోన్‌కు హాని లేదు. కానీ కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 675 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. అందుకే ఇలాంటి వాయువులనూ తగ్గించేందుకు 2016లో మాంట్రియల్ ఒప్పందానికి కిగాలి సవరణ వచ్చింది.

అంటార్కిటికా మీద ఓజోన్ 1980 నాటి స్థాయికి రావడానికి 2066 దాకా పడుతుందని 2022 అంచనా. ఈలోగా తిరుపతి లాడ్జీల పాత ఏసీల్లో ఓజోన్‌ను దెబ్బతీసే ఆర్-22 గ్యాస్ ఇంకా ఉంది. గ్యాస్ పట్టించేటప్పుడు మెకానిక్ పైపు విప్పితే బుస్సుమని గాలిలో కలిసేది అదే. దాన్ని సిలిండర్‌లోకి తిరిగి లాగే యంత్రం ప్రతి మెకానిక్ చేతికీ అందాలి. ఒప్పందం కట్టడి చేసేది తయారీని, దిగుమతులను. ఇప్పటికే గొట్టాల్లో ఉన్న గ్యాస్‌కు అది గడువేమీ పెట్టలేదు.