పంకా తాడూ, థర్మోస్టాటూ

మొన్న డిసెంబర్లో ఒకరోజు తెల్లారకముందే మినియాపోలిస్ నుంచి ఫోను. ఇంజనీరింగ్ లో నా రూమ్మేటు. అక్కడ కొత్తగా కొన్న ఇంట్లో బాత్రూం టైల్స్ కింద కరెంటు తీగలు వేయించాడు, చలికాలం నేల వెచ్చగా ఉండడానికి. "ఒరేయ్, థర్మోస్టాట్ 86 చూపిస్తోంది. అంటే మన ముప్ఫై డిగ్రీలు. కాలు పెడితే మాత్రం ఐసుగడ్డ మీద పెట్టినట్టుంది. నువ్వు ఎలక్ట్రికల్ కదా, ఏంటో చెప్పు" అన్నాడు. నేను ఎలక్ట్రికల్ చదివి ఆరేళ్ళుగా జావా రాసుకుంటున్నానని వాడికీ తెలుసు. అయినా అడిగాడు, మనం చెప్పకుండా ఉంటామా!

సంగతి పెద్ద కష్టమైనదేం కాదు. టైల్ కింద సిమెంటులో హీటింగ్ తీగ మెలికలు మెలికలుగా పరుస్తారు. చదరపు అడుగుకి సుమారు 12 వాట్లు. రెండు తీగ వరసల మధ్య, సరిగ్గా నడిమధ్యలో, ఒక చిన్న సెన్సర్ పెడతారు. అది నేల వేడిని గోడ మీది థర్మోస్టాట్ కి చెబుతుంది. సెట్ చేసిన వేడి రాగానే థర్మోస్టాట్ కరెంటు ఆపేస్తుంది, చల్లారితే మళ్ళీ ఇస్తుంది. తడి కాళ్ళతో తిరిగే చోటు కాబట్టి ఎర్త్ లీకేజీ కనిపెట్టి 5 మిల్లీయాంపుల దగ్గరే కొట్టేసే రక్షణ కూడా ఉండాలి. ఇలాంటి థర్మోస్టాట్లలో చాలావాటికి మూడు పద్ధతులుంటాయి. నేల వేడి చూసి పనిచేయడం, గదిలో గాలి వేడి చూసి పనిచేయడం, ఏమీ చూడకుండా గంటలో ఇన్ని నిమిషాలు అని ఊరికే కరెంటిస్తూ పోవడం. మూడోది సెన్సర్ చచ్చిపోయినప్పుడు వాడుకునేది. ఎక్కువైందా తక్కువైందా అని మనిషే చూసుకోవాలి.

"ముందు అది ఏ పద్ధతిలో ఉందో చూడు. తర్వాత ఒక మల్టీమీటర్ కొనుక్కొచ్చి సెన్సర్ రెసిస్టెన్స్ చెప్పు" అన్నాను. వాడికి శనివారం దాకా తీరదన్నాడు. ఈలోగా నాకు ఒక అనుమానం పట్టుకుంది. సెన్సర్ లేనప్పుడు మనిషే చూసుకోవాలి సరే, అసలు థర్మోస్టాట్ అనేదే లేనప్పుడు ఎవరు చూసుకునేవారు?

నేల కింద వేడి పెట్టడం కొత్తేం కాదు. రెండు వేల ఏళ్ళ కిందటే రోమన్లు స్నానశాలల నేలని చిన్న చిన్న స్తంభాల మీద నిలబెట్టి, కింద నుంచి పొయ్యి వేడి పోనిచ్చేవారు. కొరియా వాళ్ళు వంటింటి పొయ్యి వేడినీ పొగనీ పడగ్గది నేల కింద నుంచి పంపేవారు. రోమ్ లో ఆ పొయ్యిల దగ్గర బానిసలు ఉండేవారు. పైన స్నానం చేసేవాడికి కాలు చురుక్కుమంటే కింద ఉన్నవాడు కట్టె వెనక్కి లాగాలి, అంతే.

థర్మోస్టాట్ అన్న మాటని 1830లో ఆండ్రూ యూర్ అనే స్కాట్లాండు రసాయన శాస్త్రవేత్త పెట్టాడు. రెండు వేర్వేరు లోహాల రేకులు కలిపి అతికిస్తే వేడికి అది ఒక పక్కకి వంగుతుంది, ఆ వంపుతో ఏదైనా మూయొచ్చు, తెరవొచ్చు అని. కానీ నాకు బాగా నచ్చిన కథ వారెన్ జాన్సన్ ది. విస్కాన్సిన్ రాష్ట్రంలో వైట్ వాటర్ అనే ఊళ్ళో టీచర్ ట్రైనింగ్ కాలేజీలో ప్రొఫెసరు ఆయన. చలికాలం పాఠం చెబుతూంటే జానిటర్ మాటిమాటికీ లోపలికొచ్చి గది వేడెంతుందో చూసి, కిందకెళ్ళి కొలిమి గాలి తలుపు సర్దేవాడట. పాఠం చెడిపోతోందని విసుగొచ్చి, 1883లో జాన్సన్ ఒక యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. మనమైతే అది కొలిమిని తనే సర్దేసిందనుకుంటాం. కాదు! గది వేడెక్కితే కింద కొలిమి దగ్గరున్న మనిషి చెవిలో గంట కొట్టేది. సెన్సర్ కరెంటుది, పనిచేసే చెయ్యి మాత్రం మనిషిదే. ఆ మనిషి అవసరం కూడా లేకుండా చేయడం ఆయన తర్వాతి పని. 1885లో మిల్వాకీలో కంపెనీ పెట్టాడు. ఇవాళ్టి జాన్సన్ కంట్రోల్స్ అదే.

ఇది చదువుతూంటే మారేడ్ పల్లిలో నేనొకసారి చూసిన పాత బంగళా గుర్తొచ్చింది. హాలు గోడలో, పైకప్పుకి ఒక మూరెడు కిందగా, చిన్న గుండ్రటి కన్నం. ఇప్పుడు అందులోంచి స్ప్లిట్ ఏసీ పైపులు బయటికి పోతున్నాయి. ఇంటాయన్ని అడిగితే "అది పంకా తాడుదండీ, మేం కొట్టించింది కాదు" అన్నారు.

సికింద్రాబాద్ అసలు పుట్టిందే దండు కోసం. 1798 ఒప్పందంతో నిజాం అలీఖాన్ తన రాజ్యంలో కంపెనీ పటాలాలు దిగడానికి ఒప్పుకున్నాడు. 1806లో ఈ ఊరికి మూడో నిజాం సికందర్ జా పేరొచ్చింది. చల్లటి దేశం నుంచి వచ్చిన వేలమందిని మే నెల ఎండలో బతికించుకోవాలి. అందుకు వాళ్ళ దగ్గరున్నవి రెండే. ఒకటి గుమ్మాలకి కట్టే వట్టివేళ్ళ తడకలు. నీళ్ళు మోసే మనిషి వాటిని తడుపుతూ ఉండాలి. (మన ఎయిర్ కూలర్ కి ఇదే తాత. దక్కన్ పొడి గాలిలో బ్రహ్మాండంగా పనిచేస్తుంది, విశాఖపట్నంలో ఎందుకూ పనికిరాదు.) రెండోది పంకా. పొడుగాటి చెక్క చట్రానికి బట్ట కట్టి పైకప్పు నుంచి వేలాడదీస్తారు. తాడు గోడ కన్నంలోంచి వరండాలోకి వెళ్తుంది. ఆ చివర ఒక మనిషి కూచుని లాగుతూ ఉంటాడు. పగలొకడు, రాత్రి ఇంకొకడు. చేతులు పడిపోతే తాడుని కాలి బొటనవేలికి కట్టుకుని లాగేవాడు.

మన భాషలో చెప్పాలంటే ఇది పక్కా కంట్రోల్ లూప్. సెన్సర్ దొర చెమట. కంట్రోలర్ దొర నోరు. పనిచేసేది కూలీ చెయ్యి. రాత్రి రెండింటికి కూలీ కునుకు తీస్తే పంకా ఆగుతుంది, చెమట పడుతుంది, దొర లేస్తాడు. అప్పుడొచ్చే ఇంటరప్ట్ ఒక్కోసారి కేక, ఒక్కోసారి చెప్పు, ఒక్కోసారి బూటు కాలితో కడుపులో తన్ను. నవ్వులాటకి అనడం లేదు. తన్నుకి పంకా కూలీలు చనిపోయిన కేసులు బ్రిటిష్ ఇండియా కోర్టుల్లో మళ్ళీ మళ్ళీ వచ్చాయి. వాటిల్లో మళ్ళీ మళ్ళీ వినబడిన డాక్టరు మాట కూడా ఒకటుంది. "ప్లీహం ముందే వాచి ఉంది, చిన్న దెబ్బకే పగిలింది" అని. అంటే తన్నినవాడిది చంపే ఉద్దేశం కాదు, తప్పు చచ్చినవాడి ప్లీహానిది! పంకాకి సంబంధించింది కాకపోయినా ఈ వాదనకి బాగా పేరుమోసిన కేసు ఆగ్రాది. ఫుల్లర్ అనే ఇంగ్లీషు ప్లీడరు ఆదివారం చర్చికి బయల్దేరే వేళకి బండి సిద్ధంగా లేదని గుర్రాలు చూసుకునే కట్వారూని కొట్టాడు. అతను చనిపోయాడు. ప్లీహం పగిలిందన్నారు. శిక్ష 30 రూపాయల జరిమానా. 1876లో వైస్రాయి లిట్టన్ ఇదేం శిక్ష అని మేజిస్ట్రేటుని మందలిస్తే, ఇక్కడి ఇంగ్లీషువాళ్ళు లిట్టన్ మీదే విరుచుకుపడ్డారు.

ఇంతకీ అంతమందికి ప్లీహం ఎందుకు వాచింది? మన పెద్దవాళ్ళు దీన్నే కడుపులో బల్ల అనేవారు. మళ్ళీ మళ్ళీ చలిజ్వరం వస్తే బల్ల పెరుగుతుంది. ఆ చలిజ్వరం మనిషికెలా వస్తుందో తేల్చడంలో అసలు మలుపు జరిగింది ఎక్కడో కాదు, మన బేగంపేటలో. 1897 ఆగస్టులో రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమల చేత కుట్టించాడు, కుట్టిన దోమకి ఒక అణా చొప్పున ఇచ్చి. ఆగస్టు 20న వాటిలో ఒక దోమని కోసి, పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూశాడు. 1902లో నోబెల్ వచ్చింది. ఆ బిల్డింగు ఇప్పటికీ ఉంది, పాత ఎయిర్ పోర్టు దగ్గర. ఇదంతా చిన్నప్పుడు జనరల్ నాలెడ్జిలో బట్టీ పట్టిందే. నేను తర్వాతెప్పుడో రాస్ ఆత్మకథ గురించి చదివేదాకా తెలియనిది ఇంకోటుంది. ఆ గదిలో వేడి భరించలేనిదట, చెమటకి మైక్రోస్కోపు స్క్రూలు తుప్పు పట్టాయట. పంకా మాత్రం వేయించుకోలేదు. వేస్తే కోసిపెట్టిన దోమలు గాలికి ఎగిరిపోతాయి!

పంకా ఆగిన గదిలో ఆ దోమ దొరికింది. దీంతో నాకు తోచింది చెబుతాను, ఇది నా ఊహే. మలేరియా దోమ కుట్టేది రాత్రిపూట. పంకా కింద గాలి వీస్తుంటే దోమ సరిగా వాలలేదు, పైగా లోపలున్నవాడికి తెర కూడా ఉంటుంది. బయట వరండాలో తాడు పట్టుకున్నవాడికి గాలీ లేదు, తెరా లేదు, దోమ తోలుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. లోపలివాడిని చల్లగా ఉంచడానికి బయటివాడు రాత్రంతా దోమలకి కూచున్నాడు. దాంతో జ్వరం, జ్వరంతో బల్ల, ఆ బల్ల మీద తన్ను. చివరికి కోర్టులో ఆ బల్లనే చూపించి వదిలేశారు. రాస్ కనిపెట్టిన దాన్ని ఏ జడ్జీ అయినా ఈ కోణంలో చూశాడా అని వెతికాను కానీ నాకేం కనబడలేదు.

తర్వాత కరెంటు వచ్చింది. 1920లో హుస్సేన్ సాగర్ ఒడ్డున బొగ్గు పవర్ హౌసు కట్టారు. సీలింగ్ ఫ్యాన్లు తిరిగేకొద్దీ పంకా కూలీ పని పోయింది. ఆ పని పోయినందుకు బాధపడాలా, ఆ కూలి డబ్బులు పోయినందుకు బాధపడాలా అంటే నేను ఏదీ తేల్చి చెప్పలేను. లాగేవాడికి ఆ అణాలూ కావాలి కదా. ఫ్యాను వచ్చినా లూప్ మాత్రం పూర్తి కాలేదు, గమనించారా? రెగ్యులేటర్ మీద అయిదు అంకెలుంటాయి, సెన్సర్ ఇప్పటికీ మన చెమటే. మా ఇంట్లో నవంబరు తెల్లవారుజామున నాలుగింటికి ఫ్యాను రెండుకి ఎవరు తగ్గించాలి అన్నది ఏళ్ళ తరబడి తెగని తగువు.

మా వాడుండే మినియాపోలిస్ కీ ఈ కథలో వాటా ఉంది. 1885లో అక్కడే ఆల్బర్ట్ బట్జ్ అనే ఆయన కొలిమి తలుపుని తనంతట తనే మూసి తెరిచే మీట కనిపెట్టాడు. ఆ కంపెనీ చేతులు మారి, పేర్లు మారి హనీవెల్ అయింది. 1953లో గోడ మీద గుండ్రంగా ఉండే వాళ్ళ థర్మోస్టాట్ వచ్చింది. లోపల లోహపు రేకు చుట్ట, దాని కొసన పాదరసం బుడ్డి. వేడికి చుట్ట విప్పుకుంటే బుడ్డి ఒరుగుతుంది, కరెంటు తెగుతుంది. అందులో ఇంకో చిన్న తెలివి ఉంది. గది పూర్తిగా వేడెక్కేదాకా ఆగితే కొలిమిలో మిగిలిన వేడి గదిని దాటించేస్తుంది కాబట్టి, ఒక బుల్లి హీటరు రేకుని కొంచెం ముందే వేడెక్కించి మోసం చేస్తుంది. అదే హనీవెల్ కి ఇప్పుడు హైదరాబాద్ లో ఇంజనీరింగ్ సెంటర్ ఉంది. అక్కడ కోడ్ రాసేవాళ్ళు మీలోనూ ఉండే ఉంటారు.

శనివారం వాడు మళ్ళీ ఫోన్ చేశాడు. పద్ధతి సరిగానే ఉంది, నేల మీదే పెట్టాడు. ముందు మెయిన్ కట్టేయించి సెన్సర్ తీగలు విప్పించాను. రెసిస్టెన్స్ సుమారు 10 కిలో ఓములు, అంటే 25 డిగ్రీల దగ్గర ఉండాల్సినంత. సెన్సర్ బతికే ఉంది. మరి నేల ఎందుకు చల్లగా ఉంది? టైల్స్ వేయకముందు తీసిన ఫోటో ఉందేమో చూడమన్నాను. అదృష్టం, ఉంది. టైల్స్ వేసినతను సెన్సర్ ని రెండు తీగల మధ్య కాకుండా, తిన్నగా ఒక తీగకి ఆనించి టేపు వేసేశాడు. తీగ వేడెక్కగానే సెన్సర్ కి ముప్ఫై, కరెంటు బందు. నేల సంగతి దానికి తెలిసే దారే లేదు.

ఫోటోలో ఇంకో సన్నటి తీగ కూడా కనబడింది. ఒకటి పాడైతే పనికొస్తుందని రెండో సెన్సర్ కూడా వేసి పెట్టారు, సరిగ్గా మధ్యలో. దాని కొసలు గోడ డబ్బాలోనే చుట్టి ఉన్నాయి. పాతది విప్పి దాన్ని బిగించాడు, మెయిన్ వేశాడు. నేల నిదానంగా వేడెక్కుతుంది, గంట ఆగి చూడమన్నాను. గంటకి మెసేజి వచ్చింది, 28 సెట్ చేస్తే 28 వచ్చిందట. పొద్దున అయిదున్నరకి దానంతటదే మొదలయ్యేలా టైమింగు కూడా పెట్టుకున్నాడు. వాళ్ళావిడ మాత్రం ఇంకో రెండు డిగ్రీలు పెంచమంటోందట.