వయస్సు దాటినవారి చదువు - ఆంధ్ర మహిళాసభ చరిత్ర

దానధర్మములు ఆంధ్రదేశమునకు క్రొత్తవి కావు. చెరువు త్రవ్వించుట, సత్రము కట్టించుట, వేసవిలో చలిపందిరి వేయించుట, బాటసారికి అన్నము పెట్టుట తరతరములుగా సాగివచ్చిన పుణ్యకార్యములు. గోదావరీ ప్రాంతమున లంకల గన్నవరములో డొక్కా సీతమ్మ (1841-1909) వేళకు వచ్చినవారికిని, వేళ తప్పి వచ్చినవారికిని సమముగా వడ్డించి అపర అన్నపూర్ణ యని పేరుగాంచెను. ఆకలిగొన్నవానికి పట్టెడన్నమును మించిన దానము లేదు. అయినను ఆకలి మరునాడు మరల వచ్చును. ఆకలికి మూలమైన అవిద్యను, అనారోగ్యమును, ఆధారము లేని కుటుంబస్థితిని తొలగించుటకు వేరొక విధమైన దానము కావలసివచ్చినది. ఒకరి ఔదార్యముతో మొదలై, వారి అనంతరము కూడ నిలిచియుండు సంస్థగా మారుటయే ఆ దానమునకు లక్షణము.

తెలుగునాట ఈ మార్గమును చూపినవారిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు (1848-1919) ముఖ్యులు. వారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరములో తొలి వితంతు వివాహమును జరిపించిరి. తుదకు తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు ధారపోసిరి. 1922లో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు గుంటూరున స్త్రీవిద్యకై శారదానికేతనమును నెలకొల్పిరి. వీరు వేసిన బాటను ఎందరో బాలికలు బడికి నడచిరి.

కాని బడి తలుపు తెరచునాటికే బడి యీడు దాటిపోయినవారి సంగతి యేమి? పలక పట్టవలసిన వయస్సులో పెండ్లిపీటల మీద కూర్చుండి, పదునైదేండ్లు నిండకమునుపే తల్లులై, కొందరు వితంతువులును అయినవారు ప్రతి గ్రామమునను ఉండిరి. 1929లో శాసనమైన శారదా చట్టము బాలికల వివాహమునకు 14 ఏండ్ల కనీస వయస్సును నిర్ణయించెను. అది రాబోవు పెండ్లిండ్లకు అడ్డుకట్టయే గాని, అప్పటికే జరిగినవానికి ఔషధము కాదు. ఇరువదియేండ్ల యువతి వచ్చి అక్షరము నేర్పుడన్నచో ఆరేండ్ల పిల్లల నడుమ ఏ ఉపాధ్యాయుడు కూర్చుండబెట్టగలడు? ఆమెకు వేరొక పాఠశాల కావలెను. అట్టి పాఠశాలను కట్టినది ఆ కష్టమును స్వయముగా ఎరిగిన స్త్రీయే.

ఆమె దుర్గాబాయి. 1909 జులై 15వ తేదీన రాజమహేంద్రవరములో జన్మించెను. ఎనిమిదవ యేట ఆమెకు వివాహము జరిగెను. ఊహ తెలిసిన పిదప ఆ బంధము తనకు తగినది కాదని నిశ్చయించుకొని, తండ్రియు సోదరుడును అండగా నిలువగా దానినుండి వెలుపలికి వచ్చెను. బాల్యముననే హిందీ నేర్చి, బాలికలకు హిందీ పాఠశాల నడపెను. 1923లో కాకినాడలో కాంగ్రెసు మహాసభ జరిగినపుడు, ప్రదర్శనశాల ద్వారమువద్ద స్వచ్ఛందసేవికగా నిలిచి, టిక్కెట్టు లేదని జవహర్లాల్ నెహ్రూనే ఆపివేసిన బాలిక ఆమెయే. అప్పటికి ఆమె వయస్సు 14 సంవత్సరములు.

1930లో ఉప్పు సత్యాగ్రహము వచ్చెను. దుర్గాబాయి చెన్నపట్టణమున సత్యాగ్రహములో పాల్గొని కారాగృహవాసము చేసెను. 1933 వరకు మూడు పర్యాయములు ఆమెకు శిక్ష పడెను. వెల్లూరు, మధుర జైళ్లలో ఆమె చూచిన స్త్రీలు ఆమె జీవితమార్గమునే మార్చివేసిరి. తమపై మోపిన నేరమేమో తెలియక, న్యాయస్థానములో ఏమి చెప్పవలెనో తెలియక, వ్రాలు చేయుటయైనను రాక దీర్ఘశిక్షల ననుభవించుచున్న అభాగినులు వారు. చట్టము తెలియనివారికి చట్టము రక్ష కాజాలదనియు, చదువు లేనివారికి చట్టము తెలియదనియు ఆమెకు అక్కడ బోధపడెను. న్యాయశాస్త్రము చదువవలెనను సంకల్పము ఆ జైలుగోడల నడుమ కలిగినదే.

విడుదలయై వచ్చుసరికి ఆమెకు 24 ఏండ్లు. తోటివారు చదువులు ముగించిన వయస్సులో ఆమె చదువు మొదలుపెట్టవలసివచ్చెను. కాశీ హిందూ విశ్వవిద్యాలయము ఆనాడు నడపిన మెట్రిక్యులేషను పరీక్షకు స్త్రీలు పాఠశాలకు పోకయే, ఇంట చదువుకొని కూర్చుండుటకు వీలుండెను. ఆ ద్వారముననే ఆమె ప్రవేశించెను. పిదప ఆంధ్ర విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్రము చదివి, 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టమును పొందెను.

తాను దాటిన యేటిని ఇతరులచే దాటించుటకు ఆమె తన చదువు ముగియువరకు ఆగలేదు. 1937లో మద్రాసు మైలాపూరులో ‘లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్’ అను చిన్న బాలికల సంఘమును ఏర్పరచెను. ఆ బాలికల వెంట వారి తల్లులును, ఇరుగుపొరుగు స్త్రీలును వచ్చిరి. కాశీ మెట్రిక్యులేషను పరీక్షకు యువతులను సిద్ధపరచు తరగతులు మొదలయ్యెను. ఆ చిన్న కూటమినుండి వెలసినదే ఆంధ్ర మహిళాసభ. భర్త విడిచినవారు, వితంతువులు, బడి మానినవారు అక్కడ చేరి చదివి పరీక్షలలో ఉత్తీర్ణలైరి. చదువుతోపాటు చేతిపనులు కూడ నేర్పబడెను. ‘ఆంధ్రమహిళ’ అను పత్రిక వెలువడెను.

విద్యనుండి సభ ఆరోగ్యమువైపు తిరుగుట సహజముగా జరిగినది. చదువుకొన వచ్చిన స్త్రీ తన ఒడిలో రోగియైన బిడ్డను కూడ తెచ్చును. ప్రసవకష్టముల భయమును తెచ్చును. ఇల్లు ఆరోగ్యముగా లేనిచో తల్లి పాఠమునందు మనస్సు నిలుపజాలదు. అందుచే సభ వైద్యశాలను తెరచెను. నర్సులకు శిక్షణ నిచ్చెను. అంగవైకల్యము గల పిల్లలకు చికిత్సాకేంద్రమును నడపెను. శిక్షణ పొందిన యువతి తాను జీవనోపాధి పొందుటయే గాక, మరియొక యింటి ప్రసవమును సురక్షితము చేయగలిగెను. సాయము కోరి వచ్చినది సాయము చేయునదియై మరలెను. ఆంధ్ర మహిళాసభ దానమునకు ఇదియే ప్రాణము.

1946లో దుర్గాబాయి రాజ్యాంగ నిర్మాణసభకు సభ్యురాలయ్యెను. పిదప ప్రణాళికాసంఘమున సభ్యురాలై, 1953 జనవరి 22వ తేదీన ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడెను. ఆ సంవత్సరము ఆగస్టులోనే కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి యేర్పడగా దానికి తొలి అధ్యక్షురాలయ్యెను. దేశమందంతట చెదరియున్న సేవాసంస్థలకు ప్రభుత్వధనమును గ్రాంటుగా నిచ్చి, పనిని మాత్రము వారి చేతనే చేయించుట ఆ మండలి పద్ధతి.

అంతట ఒక చిక్కు ఎదురయ్యెను. పల్లెలకు ఉపాధ్యాయినులు, నర్సులు, గ్రామసేవికలు, బాలసేవికలు కావలెను. ఉద్యోగములు కలవు, వానికి తగిన చదువు గల స్త్రీలు లేరు. పట్టణపు చదువరులు పల్లెకు రారు; పల్లెలోని స్త్రీకి చదువు లేదు. మైలాపూరు తరగతులు ఈ చిక్కునకు పరిష్కారమును ముందే చూపియుండెను. 1958లో మండలి వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాక్రమమును ప్రవేశపెట్టెను. దానినే జనులు ‘కండెన్స్‌డ్ కోర్సు’ అనిరి. బడిలో ఏండ్ల తరబడి సాగు పాఠములను రెండేండ్లలో కుదించి, వయస్సు వచ్చిన స్త్రీలకు బోధించి పరీక్షకు పంపుట దాని పద్ధతి. ఒక వీథిలో కొందరు స్త్రీలకై పుట్టిన ఉపాయము ఈ విధముగా దేశమంతటికి ప్రభుత్వ పథకమయ్యెను.

కుటుంబ కలహములను సామాన్య న్యాయస్థానములలో గాక ప్రత్యేక కుటుంబ న్యాయస్థానములలో విచారింపవలెనని 1953లో చీనా దేశయాత్రనుండి వచ్చిన పిదప ఆమె పట్టుపట్టెను. 1958లో ఏర్పడిన స్త్రీవిద్యా జాతీయసంఘమునకు అధ్యక్షత వహించి, బాలబాలికల విద్యలోని అంతరమును తగ్గించు మార్గములను సూచించెను. హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయ సమీపమున మహిళాసభ కళాశాలయు, విద్యానగరమున ఆమె పేర వైద్యశాలయు వెలసెను. 1975లో పద్మవిభూషణ పురస్కారము లభించెను. 1981 మే 9వ తేదీన ఆమె కన్నుమూసెను. ఆమె కోరిన కుటుంబ న్యాయస్థానముల చట్టము 1984లో వచ్చెను.

ఈ చరిత్రకు ఆలోచింపదగిన చివరి ఘట్టమొకటి కలదు. ఆమె తొలి అధ్యక్షురాలుగా నున్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలిని 2022లో ప్రభుత్వము మూసివేసినది. మైలాపూరులో పుట్టిన మహిళాసభ మాత్రము నిలిచియున్నది. ప్రభుత్వపు చేయి పెద్దది. అది ఒక ఉపాయమును దేశమంతట పరపగలదు. కాని ఆ చేయి ఎప్పుడైనను వెనుకకు పోవచ్చును. జనుల నడుమ పుట్టి, జనులే పోషించుకొను సంస్థ వేరు లోతుగా నుండును. రెండును కావలసినవే, అయినను మొదటిదానిని నమ్మి రెండవదానిని విడుచుట తగదు.

గ్రామ గ్రంథాలయము ఈ రెండవ కోవకు చెందినది. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1918లో వేటపాలెమున సారస్వత నికేతనమును నెలకొల్పిన పెద్దలు చదువునకు వయస్సు అడుగని బడిని కట్టిరి. 1935లో పాతూరి నాగభూషణముగారు కొల్లూరు, పెదవడ్లపూడి నడుమ కాలువపై పడవలో పుస్తకముల నెక్కించి రేవు రేవునకు పంపిరి. గ్రంథాలయమునకు రాలేనివారివద్దకు గ్రంథాలయమే పోవలెనని వారి తలంపు.

రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయము తన పుస్తకములను లెక్కించుకొనుట న్యాయమే. దానితోపాటు వేరొక లెక్కను కూడ చూచుకొనవలెను. సభ్యుల పట్టికలో గ్రామపు స్త్రీలెందరు? బడి మానిన కోడలికి, అక్షరము మరచిన తల్లికి చదువుటకు వేళ యేది, చోటేది? సాయంకాలము ఒక గంట వారికై విడిచి, చదువు వచ్చిన ఒక యువతిని వారికి తోడుగా కూర్చుండబెట్టుటకు గొప్ప ధనమక్కరలేదు. మైలాపూరున 1937లో జరిగినదియు అంతకంటె పెద్ద ప్రారంభము కాదు. గడచిన యిరువదియైదేండ్లలో ఈ వాకిటిలోనికి రాలేకపోయినవారు రాబోవు యిరువదియైదేండ్లలో రాగలిగినచో, నేటి ఉత్సవము సార్థకమగును.