నపుంసక చట్టము - హైదరాబాదు నగరము

మహాభారతము చదివినవారికి బృహన్నల సుపరిచిత. స్త్రీవేషము దాల్చి వచ్చిన అర్జునునకు పుంస్త్వము లేదని నిశ్చయించుకొని, విరాటరాజు ఉత్తరకు నాట్యము నేర్పుటకై అంతఃపురమునకు పంపెను. ఆ పరీక్ష కొలువునకు దారితీసెను. 1919లో హైదరాబాదు సంస్థానమున ఇట్టి పరీక్షయే అనుమానితుల పట్టికకు దారితీసెను. ఆ పట్టిక చరిత్రయే ఈ వ్యాసమునకు విషయము.

ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలనలో, 1329 ఫసలీలో, నపుంసక చట్టము వెలువడెను. తాను నపుంసకుడనని యొప్పుకొన్నవాడును, వైద్యపరీక్షలో అట్లు తేలినవాడును దాని పరిధిలోనివారు. వీరిలో బాలురను అపహరించిరనియో, అంగచ్ఛేదము చేసిరనియో, ప్రకృతివిరుద్ధ నేరములు చేసిరనియో అనుమానింపబడినవారి పేర్లును, నివాసములును పట్టిక కెక్కవలెను. అట్లెక్కినవారు వీథిలో స్త్రీవేషముతో కనబడినను, బహిరంగముగా నాట్యమాడినను వారంటు లేకయే నిర్బంధింపవచ్చును. శిక్ష రెండేండ్ల వఱకు కారాగారము, లేక జరిమానా, లేక రెండును. పట్టిక కెక్కుటకు అనుమానము చాలును. నేరము రుజువు కానక్కఱలేదు.

దీనికి మాతృక 1871 నాటి బ్రిటిషు నేరస్థజాతుల చట్టము. అందు మొదటి భాగము కొన్ని జాతులను, రెండవ భాగము నపుంసకులను ఉద్దేశించినది. ఆ పేరి చట్టమే తరువాత మద్రాసు రాజధానిలో ఎరుకలవారిని నేరస్థులుగా ముద్రవేసెను. 1952లో నేరస్థజాతుల చట్టము రద్దయ్యెను. హైదరాబాదు చట్టము వేఱు శాసనమగుటచే నిలిచిపోయెను. 1948లో సంస్థానము భారతదేశమున విలీనమైనను, 1956లో ఆంధ్రప్రదేశము, 2014లో తెలంగాణము ఏర్పడినను అది చెక్కుచెదరలేదు.

ఇందలి కీడు శిక్షతో ముగియదు. దెబ్బతిన్న హిజ్రా మొరపెట్టుకొనవలసినది, వేషము చూచి తనను నిర్బంధింపగల ఠాణాలోనే. రక్షణ కోరుటయే అపాయమైనచోట అధికారులను జవాబడుగువా రుండరు.

2018లో వైజయంతి వసంత మొగ్లి మున్నగువారు ఈ చట్టముపై హైకోర్టు నాశ్రయించిరి. 2023 జూలై 6న ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భుయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కరరెడ్డి గారల ధర్మాసనము, అది రాజ్యాంగపు 14, 21 అధికరణములకు విరుద్ధమని కొట్టివేసెను. ట్రాన్స్‌జెండరు వ్యక్తులకు ఆసరా పింఛను వర్తింపజేయవలెనని ఆదేశించెను. 2024 డిసెంబరులో నగర ట్రాఫిక్ పోలీసు విభాగము 39 మంది ట్రాన్స్‌జెండరు వ్యక్తులను సహాయకులుగా చేర్చుకొనెను. కనబడుటయే నేరమైన వీథులలో వారు ఉద్యోగధర్మము నెఱపసాగిరి.

అయినను ఒక పోలిక గమనింపదగినది. 1919లో స్త్రీవేషమునకు గరిష్ఠశిక్ష రెండేండ్లు. 2019లో పార్లమెంటు చేసిన చట్టమున, ట్రాన్స్‌జెండరు వ్యక్తిపై లైంగిక దౌర్జన్యమునకు విధించిన గరిష్ఠశిక్షయు రెండేండ్లే. పట్టిక రద్దయినంత మాత్రమున దానివలన కలిగిన తక్కువచూపు తొలగలేదనుటకు ఇంతకంటె నిదర్శన మక్కఱలేదు. శాసనపాఠముతోపాటు, దానిక్రింద బ్రతికినవారి మాటలను సేకరించుట పరిశోధక విద్యార్థుల కర్తవ్యము.