క్లింగాన్ భాషలో దగ్గరి అర్థాల క్రియలు

స్టార్ ట్రెక్ సినిమాల కోసం అమెరికన్ భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రాండ్ తీర్చిదిద్దిన భాష క్లింగాన్. 1984 నాటి మూడో సినిమా కోసం దీనికి పూర్తి రూపం వచ్చింది. మరుసటి ఏడాది ఆయన నిఘంటువు అచ్చయింది. అందులో చాలా క్రియలకు ఒకటి రెండు ఇంగ్లిష్ మాటలే అర్థంగా కనిపిస్తాయి. అర్థాలు దగ్గరగా ఉన్న క్రియల తేడా కోసం ఆ మాటల్నే నమ్ముకుంటే దారి తప్పుతాం. క్రియ ఏ కర్మను, ఏ ప్రత్యయాన్ని తీసుకుంటుందో చూడాలి.

'జాట్ల్', 'జా' అన్నవి రెండూ చెప్పడానికి సంబంధించినవే (రెండోదాన్ని గొంతు బిగబట్టి ముగించాలి). జాట్ల్‌కు కర్మ పలికిన విషయం: ఒక భాష, ఒక మాట, ఒక ప్రసంగం. జాకు కర్మ వినే మనిషి. తెలుగులో వినేవారికి 'కి' చేరుస్తాం. 'జా' విషయంలో ఆ పని లేదు, వినేవాడే నేరుగా కర్మ. అయితే 'నేను నీతో మాట్లాడుతున్నాను' అనడానికి జాట్ల్‌కు ముందు 'కా' అనే ఉపసర్గ చేర్చడం కూడా ఒప్పే కదా, అక్కడ వినేవాడు కర్మ కాలేదా అని అడగవచ్చు. ఆ వెసులుబాటు నేను, నువ్వు వంటి ఉత్తమ, మధ్యమ పురుషలకే అని ఓక్రాండ్ వివరించాడు. వినేవాడు 'కెప్టెన్' వంటి నామవాచకమైతే దానికి 'వాడ్' ప్రత్యయం చేర్చాల్సిందే. కాబట్టి తేడా చెరగలేదు.

'ఘుష్' ఇంకా స్పష్టమైన సాక్ష్యం. మనుషుల సిద్ధతకు 'రూప్', యంత్రాల సిద్ధతకు 'బెహ్' అనే ప్రత్యయాలు ఉన్నాయి. ఘుష్ అంటేనే దేన్నైనా వదలడానికి సిద్ధంగా ఉండటం. అందుకే అది 'రూప్' ప్రత్యయాన్ని తీసుకోదు. టార్పెడోలతో పాటు పంగలకర్ర రబ్బరును వెనక్కి లాగి పట్టడానికీ ఇదే క్రియ. సిద్ధత క్రియలోనే ఇమిడి ఉందని వ్యాకరణమే చూపిస్తోంది.

కల్పించిన భాషకు అర్థచ్ఛాయలు ఎక్కడివన్న ఆక్షేపణ ఉంది. సృష్టికర్త వాడుకను కట్టడి చేశాడు, ఇతరులు ఆ కట్టుబాటులోనే రాస్తున్నారు. 1996లో హామ్లెట్ నాటకం మొత్తం క్లింగాన్‌లో వెలువడింది. ఛాయ నిలబడటానికి ఇది చాలు. కానీ ఈ పద్ధతికి హద్దుంది. 'హోహ్' చంపడం, 'చోట్' హత్య చేయడం, 'మూహ్' మరణశిక్ష అమలు చేయడం. మూడింటికీ కర్మ చనిపోయే ప్రాణే గనుక వాక్యనిర్మాణం వీటిని విడదీయలేదు. ఇక్కడ నిఘంటువు ఇచ్చిన అర్థమే ఏకైక ఆధారం, దానికి మించి క్లింగాన్ల న్యాయభావన గురించి ఏం చెప్పినా అది ఊహే.