మదనిక వేషంలో కమలాదేవి

వసంతసేన ఇంటి దాసి మదనిక. ఆమెను విడిపించుకోవడానికి చేతిలో డబ్బు లేక, ప్రియుడు శర్విలకుడు కన్నం వేసి నగలు ఎత్తుకొస్తాడు. సంగతి తెలిసినా వసంతసేన కోప్పడదు. మదనికకు దాస్యం వదిలించి అతని వెంట పంపేస్తుంది. శూద్రకుడి ‘మృచ్ఛకటికం’లో ఈ ఘట్టం మనకు తెలిసిందే. 1930 అటూఇటూగా మోహన్ భవనానీ ఈ నాటకాన్ని మూకీగా తీశాడు. బెంగళూరు నాటకకర్త టి.పి.కైలాసం కూడా అందులో వేషం కట్టాడు. మదనికగా నటించింది కమలాదేవి చట్టోపాధ్యాయ!

మంగళూరులో పుట్టిన కమలాదేవి చిన్నతనంలోనే పెళ్లై, వితంతువైంది. మద్రాసులో చదువుకుంటూ, హైదరాబాదులో పెరిగిన హరీంద్రనాథ్‌ను, అంటే సరోజినీ నాయుడి తమ్ముణ్ణి, పెళ్లాడింది. ఆడవాళ్లు చట్టసభలకు పోటీ చేయొచ్చని తేలిన 1926లోనే మద్రాసు శాసనమండలికి నిలబడి కొద్ది ఓట్లతో ఓడింది. 1930లో బొంబాయిలో ఉప్పు పొట్లాలు అమ్మి జైలుకెళ్లింది. అలాంటి మనిషి తెరమీద దాసిగా కనిపించింది. వసంతసేన వేసిన ఏనాక్షీ రామారావు సంగతీ అంతే. 1928 నాటి ‘షిరాజ్’లో సలీమాగా నటించిన ఆమె, తర్వాత భవనానీనే పెళ్లాడి, భారతీయ నృత్యాలపై పుస్తకం రాసింది.

ఇందులో వింతేముందని ఇప్పుడు అనిపించొచ్చు. కానీ 1913లో దర్శకుడు ఫాల్కే ‘రాజా హరిశ్చంద్ర’ తీసినప్పుడు తారామతికి ఆడమనిషి దొరకలేదు. సాలుంకే అనే కుర్రాడు ఆ వేషం వేశాడు. ‘లంకాదహనం’లో రాముడూ అతనే, సీతా అతనే! 1927-28లో రంగాచారి కమిటీ సినిమాలపై విచారణ జరిపినప్పుడు కూడా చదువుకున్న, పరువుగల కుటుంబాల ఆడవాళ్లు తెరమీదికి రాకపోవడం పెద్ద చర్చే.

ఆ ఖాళీలోకి ఆంగ్లో-ఇండియన్, యూదు అమ్మాయిలు వచ్చారు. సులోచనగా పేరు మార్చుకున్న రూబీ మయ్యర్స్ సినిమాల్లోకి రాకముందు టెలిఫోన్ ఆపరేటరు. 1926లో ‘టెలిఫోన్ గర్ల్’, ‘టైపిస్ట్ గర్ల్’ సినిమాలు ఆమెవే. ఉద్యోగం చేసుకు బతికే ఆడపిల్ల కథానాయికైంది. మరుసటేడు ఇదే భవనానీ తీసిన ‘వైల్డ్‌క్యాట్ ఆఫ్ బాంబే’లో ఆమె ఎనిమిది వేషాలు కట్టింది, వాటిలో ఒకటి హైదరాబాదీ పెద్దమనిషి. మగవాడు సీతైన పదేళ్లకే ఆడది మీసం తిప్పిందన్నమాట!

‘మృచ్ఛకటికం’లో అంత హంగామా లేదు. పాత్రలు వందల ఏళ్లనాటివే. కానీ నాకు సులోచన టైపుమిషను కంటే కమలాదేవి దాసి వేషమే సాహసంగా తోస్తుంది. సులోచన కథానాయికగా కొత్త బతుకు బతికింది. కమలాదేవి తన సొంత బతుకును పణంగా పెట్టింది. ఊళ్లో నలుగురికీ తెలిసిన పేరుతో, సినిమా అంటే మొహం తిప్పుకునే రోజుల్లో, కెమెరా ముందు నిలబడింది.

కైలాసం ఊరు బెంగళూరులో మూకీల ముచ్చట ఎన్నాళ్లో సాగలేదు. గుబ్బి వీరణ్ణ కంపెనీకి 1932లో ‘హరిమాయ’ అనే మూకీ తీసింది నెల్లూరివాడు వై.వి.రావు. రెండేళ్లకు కన్నడంలో తొలి టాకీ ‘సతీ సులోచన’ కూడా ఆయనే తీశాడు. 1939లో తెలుగులో ‘మళ్ళీపెళ్ళి’ తీసి, కాంచనమాలను బాలవితంతువుగా చూపించి, తానే కథానాయకుడై పునర్వివాహం జరిపించాడు. కాంచనమాల తెరమీద చేసుకున్న ఆ పెళ్లిని కమలాదేవి మదనిక వేషం కట్టకముందే చేసుకుంది.