ఉత్త గాలే గదా

జర్నల్ స్క్వేర్‌లో 33వ వీధికి వెళ్లే పాత్ రైలు ఎక్కితే, న్యూపోర్ట్ దాటాక బండి హడ్సన్ నది కిందికి దిగి క్రిస్టఫర్ స్ట్రీట్ దగ్గర మాన్‌హట్టన్ చేరుతుంది. పొద్దున ఏ పెట్టె ఎక్కినా తెలుగు మాట ఒకటైనా చెవిన పడుతుంది. నేనూ ఆ రూట్లో చాలాకాలం తిరిగాను. ఆ సొరంగాన్ని కంప్రెసర్ గాలి నింపి తవ్వారని ఈ ఎపిసోడ్ కోసం చదివేదాకా నాకు తెలియదు.

కంప్రెసర్‌తో నా పరిచయం అంతకంటే పాతది. అమెరికా రాకముందు దుబాయ్‌లో ఒక వర్క్‌షాపులో చేసేవాణ్ని. డ్యూటీ దిగేముందు ఎయిర్ గన్ తీసుకుని ఒకరి బట్టల మీది దుమ్ము ఇంకొకరం ఊదుకునేవాళ్లం. లైన్‌లో ప్రెషర్ ఏడెనిమిది బార్ ఉండేది. ఒకరోజు మా రూంలో ఉండే అన్న నా కాలర్ దగ్గర ఊదుతుంటే నేను తల తిప్పాను. గాలి సూటిగా చెవిలోకి కొట్టింది. కళ్లు తిరిగి అక్కడే కూర్చుండిపోయాను. "ఏం గాదు తమ్మీ, ఉత్త గాలే గదా" అన్నాడు. పాపం, ఆయన్ని ఏమనగలను, మా అందరి నమ్మకం అదే. ఆ చెవి మళ్లీ సరిగ్గా వినపడటానికి మూడు వారాలు పట్టింది.

ఇక సొరంగం సంగతి. 1874లో డివిట్ క్లింటన్ హాస్కిన్ అనే ఆయన జెర్సీ సిటీ ఒడ్డున, 15వ వీధి చివర, పని మొదలుపెట్టాడు. నది అడుగున ఉన్నది మెత్తటి ఒండ్రు. సొరంగంలో గాలి కుక్కి నింపితే ఆ ఒత్తిడే మట్టినీ నీటినీ ఆపుతుందని ఆయన ధీమా. మనుషులు లోపలికి వెళ్లేది ఎయిర్‌లాక్ గుండా. అంటే రెండు తలుపుల ఇనుప గది: ఒక తలుపు మూసి, లోపలి ఒత్తిడి సమానం చేశాకే రెండోది తెరుచుకుంటుంది.

1880 జూలై 21 తెల్లవారుజామున, సొరంగం బావి గోడను కలిసే అతుకు దగ్గర గాలి తన్నుకుపోయింది. గాలి పోయిన చోటికి మట్టి, వెనకాలే నీళ్లు. లోపల 28 మంది ఉన్నారు. ఎనిమిది మంది ఎయిర్‌లాక్‌లో పడ్డారు, కానీ బయటి తలుపు తెరుచుకోదు, లోపల ఒత్తిడి ఉంది కాబట్టి. అసిస్టెంట్ సూపరింటెండెంట్ పీటర్ వుడ్‌ల్యాండ్ సొరంగం వైపే చిక్కుకుపోయాడు. బయటి తలుపుకున్న అద్దం పగలగొట్టండని అక్కడి నుంచే చెప్పాడు. అద్దం పగిలితే వాళ్లు బతుకుతారు, సొరంగంలో మిగిలిన గాలి కూడా పోయి తనవైపు వాళ్లు మునుగుతారు. ఆ సంగతి ఆయనకి తెలియకుండా ఉండదు. ఎనిమిది మంది బయటపడ్డారు. ఆయనతో కలిపి 20 మంది పోయారు.

ఇది అందరికీ కనపడిన ప్రమాదం, పేపర్లలో వచ్చింది. కనపడనిది ఇంకోటి ఉంది.

ఒత్తిడి గాలి పీలుస్తూ గంటల తరబడి పనిచేస్తే నైట్రోజన్ రక్తంలో కరుగుతుంది. బయటికి వచ్చేటప్పుడు ఒత్తిడి ఒక్కసారిగా తగ్గితే, గోలీ సోడా కొట్టినట్టే, ఒంట్లో బుడగలు లేస్తాయి. కీళ్లు పట్టేస్తాయి, కాళ్లు పడిపోతాయి, ప్రాణం కూడా పోతుంది. 1870ల్లో సెయింట్ లూయిస్ వంతెన దగ్గర, బ్రూక్లిన్ వంతెన దగ్గర పునాదులు తవ్వినవాళ్లలో ఇది చాలామందికి వచ్చింది. నొప్పితో వంగి నడిచేవాళ్లని చూసి, అప్పటి ఫ్యాషన్ ఆడవాళ్ల వంగుడు నడకతో పోల్చి తోటివాళ్లే "బెండ్స్" అని వెక్కిరించారు. జబ్బుకి అదే పేరు నిలిచిపోయింది. బ్రూక్లిన్ చీఫ్ ఇంజనీర్ వాషింగ్టన్ రోబ్లింగ్ కూడా దీనితోనే మంచం పట్టాడు. దీనికి కారణం నైట్రోజన్ బుడగలని ఫ్రాన్స్‌లో పాల్ బేర్ 1878లోనే రాశాడు. పుస్తకంలో ఉన్నది పని జాగాకి రావడానికి పదేళ్లు దాటింది.

డబ్బుల్లేక ఆగిన హడ్సన్ పని 1889లో ఒక ఇంగ్లండ్ కంపెనీ చేతికి వచ్చింది. ఎర్నెస్ట్ మోయిర్ అనే ఇంజనీర్ వచ్చేసరికి, 45, 50 మంది పనిచేసే చోట నెలకొకరు చనిపోతున్నారు. ఆయన బాయిలర్ లాంటి ఇనుప తొట్టి ఒకటి పెట్టించాడు. నొప్పి వచ్చినవాణ్ని అందులో పడుకోబెట్టి మళ్లీ ఒత్తిడి పెంచి, నెమ్మదిగా తగ్గించడం. అంతే. తర్వాత పదిహేను నెలల్లో 120 మందిలో చనిపోయింది ఇద్దరే. ఒక తొట్టి, ఒక వాల్వు, కాస్త ఓపిక. అంతకుముందు పోయినవాళ్ల గురించి ఆలోచిస్తే నాకు కోపమే వస్తుంది.

1891లో డబ్బులు మళ్లీ అయిపోయాయి. చివరికి విలియం మెకడూ పూర్తి చేయించాడు. 1908 ఫిబ్రవరి 25న రైళ్లు నడిచాయి. ఆ రోజుల్లోనే పెన్సిల్వేనియా రైల్‌రోడ్ ఈస్ట్ రివర్ కింద తవ్వుతోంది. అక్కడ డాక్టర్ కీస్ లెక్కపెట్టిన బెండ్స్ కేసులు 3,692, చావులు 20. 1909లో న్యూయార్క్ రాష్ట్రం చట్టం తెచ్చింది: ఒత్తిడి ఎంత ఎక్కువైతే పని గంటలు అంత తక్కువ, బయటికి వచ్చేది మెల్లగా.

మనలో చాలామందికి సొరంగాల పని ఉండదు. టైర్ షాపులో, పెయింట్ బూత్‌లో, గోడౌన్‌లో ఉండేది మామూలు కంప్రెసర్. దానికీ అమెరికాలో రూల్ ఉంది. 1971లో పని మొదలుపెట్టిన ఓషా ప్రకారం, గాలితో శుభ్రం చేసేటప్పుడు ప్రెషర్ 30 పీఎస్‌ఐ లోపు ఉండాలి. అంటే దాదాపు రెండు బార్. ఎగిరే ముక్కలకి అడ్డూ, కళ్లద్దాలూ తప్పవు. దుబాయ్‌లో మా లైన్‌లో ఉన్నది దానికి మూడింతల పైనే. ఆ గాలి చిన్న గాయంలోంచి చర్మం కిందికి పోగలదు, రక్తంలో కలిస్తే ప్రాణం తీయగలదు. ట్యాంకుకి గేజ్, సేఫ్టీ వాల్వ్ ఉండాలి. ఆ రెండో దానికీ ట్యాంకుకీ మధ్య ఇంకే వాల్వూ పెట్టకూడదు. కింద డ్రెయిన్ తరచూ తెరవాలి. లోపల నీళ్లు నిలిస్తే ట్యాంకు తుప్పు పట్టి పలచబడుతుంది, ఏదో ఒకరోజు పేలుతుంది.

వీసా ఏదైనా, కాగితాలు ఉన్నా లేకపోయినా ఈ రూల్స్ పనిచేసేవాళ్లందరికీ వర్తిస్తాయి. పేరు బయటికి రాకుండా ఓషాకి ఫిర్యాదు చేయొచ్చు. అడిగినందుకు పనిలోంచి తీసేస్తే, ఆ సంగతి 30 రోజుల్లోపు వాళ్లకి చెప్పాలి. గడువు చాలా తక్కువ, గుర్తుపెట్టుకోండి.

ఆ అన్న ఇప్పుడు జగిత్యాలలో ఉన్నాడు. ఈ ఎపిసోడ్ రికార్డ్ చేసేముందు ఫోన్ చేస్తే, "ఇంకా ఆ చెవి గుర్తుందా తమ్మీ" అని నవ్వాడు. గుర్తుందన్నాను. నిన్న డ్యూటీ ఎక్కగానే మా కంప్రెసర్ డ్రెయిన్ తెరిచాను. అర గ్లాసు ఎర్రటి తుప్పునీళ్లు వచ్చాయి.