గీత గీసిన దెవరు?

ఊరూ అడవీ ఒకదానికొకటి శత్రువులన్న భావం మన విద్యావంతులలో బలంగా ఉన్నది. ఊరు పెరిగితే అడవి తరుగుతుంది, అడవి మిగలాలంటే ఊరు తొలగాలి — ఇదీ వాదన. ఈ వాదం ఎవరి అవసరాల నుండి పుట్టిందో తెలుసుకోవటానికి ఆదిలాబాదు చరిత్రను ఒకసారి తిరగవేస్తే చాలు.

గోండులు వానకాలంలో మెట్టల మీది తేలిక నేలలను, ఆ తరువాత లోయలలోని నల్లరేగడిని సాగు చేసేవారు. తేలిక నేల నిస్సారమైతే దానిని బీడు వదలి మరొకచోట దున్నేవారు. బీటిలో మళ్ళీ చెట్లు మొలిచేవి; నేల కోలుకున్నాక తిరిగి వచ్చేవారు. నేలకు విశ్రాంతి, మనిషికి తిండి — ఇది కూడా ఒక ప్రణాళికే. కాగితం మీద లేదు, అంతే.

నిజాం ప్రభుత్వం రిజర్వు అడవులకు హద్దులు వేసినప్పుడు ఈ బీళ్ళనే అడవి కింద లెక్కగట్టింది. పట్టా లేని సేద్యం నేరమయింది. కొన్ని ఊళ్ళు అడవి నడుమ దీవులలా మిగిలాయి, కొన్నిటిని ఖాళీ చేయించారు. మరొక వైపు లోయలోని రేగడి బయటి నుండి వచ్చిన రైతుల, షావుకార్ల పరమయింది. మెట్టమీద జంగ్లాతు, లోయలో పట్టాదారు. నడుమ గోండుకు నిలువ నీడ లేదు.

బాబేఝరీ ప్రాంతంలో అడవి నరికి ఊరు కట్టుకున్న కొమరం భీం అడిగింది ఆ నిలువ నీడనే. అర్జీలు పనిచేయలేదు. 1940లో జోడేఘాట్ కొండపై పోలీసు తూటాలకు అతడు, అతని సహచరులు కొందరు నేలకొరిగారు. సరిగ్గా ఆ కాలంలోనే అదే జిల్లాలో సిర్పూరు కాగితపు మిల్లు లేస్తున్నది. దానికి వెదురు ఇవ్వటానికి అడవికి అభ్యంతరం లేకపోయింది! గోండు గొడ్డలి వినాశమట, మిల్లు గొడ్డలి అభివృద్ధి అట.

కాల్పుల తరువాతనే ప్రభుత్వానికి కారణాలు కావలసి వచ్చాయి. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ గోండుల మధ్య నివసించి పరిశీలించాడు. 1943లో మార్లవాయిలో గోండు బడి వెలిసింది. 1949 నాటికి జిల్లాలో గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరాలు పట్టా అయ్యాయి. అంటే భూమి లేక కాదు, ఇచ్చే బుద్ధి లేక ఇవ్వలేదన్న మాట.

అడవి నిజంగా తరిగింది. పులికి చోటు కావాలన్నదీ నిజమే. దానిని కాదనటం అభ్యుదయం కాదు. హద్దు ఎవరితో కూర్చుని గీయాలన్నదే ప్రశ్న. 2006 అటవీ హక్కుల చట్టం సామూహిక అడవిని కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. అయినా 2025 మే నెలాఖరున, కవ్వాల్‌ను మహారాష్ట్ర తడోబాతో కలిపే పులుల దారి కోసం, ప్రభుత్వం 49వ నెంబరు జీవో ద్వారా ఒక రక్షిత ప్రాంతాన్ని ప్రకటించింది. ఆదివాసులు ఆందోళనకు దిగాక, జూలైలో ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

ఆ రక్షిత ప్రాంతానికి పెట్టిన పేరు కొమరం భీం! పేరు జ్ఞాపకమున్నది, ఆయన అడిగిన ప్రశ్నే మరచిపోయారు. ఊరిని, అడవిని ఒకే పటంలో చూడగల ప్రణాళిక కావాలంటే, ఆ పటం మొదట గ్రామసభలో పరవాలి.